లెక్కలోకి రాని తలుపు

మా మేనకోడలు ఈ మధ్య ఇళ్ళకు అలారాలు బిగించే కంపెనీలో చేరింది. కలకత్తాలో పుట్టి పెరిగిన పిల్ల. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ చదవమంటే కూడబలుక్కోవాలి. "మావయ్యా, నువ్వు ఇన్నేళ్ళు చేసిన పనే కదా, నాలుగు మాటలు రాసిపెట్టు" అంది. తెలుగులోనే రాస్తున్నాను. అక్షరం అక్షరం పట్టుకుని నెమ్మదిగా చదువుతుంది. ఆ నెమ్మది ఈ పనిలో కూడా కావాలి.

నా ఉద్యోగంలో హోదాలు, జీతాలు, ఎవరికెప్పుడు ఏ సన్మానం జరిగింది, ఇవేవీ రాయను. అవి నాకే గుర్తులేవు. నన్ను నలుగురిలో తలవంచుకునేలా చేసిన తప్పులు మాత్రం బాగా గుర్తున్నాయి. అవే రాస్తాను.

పెట్టెలో ఉండేది

మా నాన్న లిలువా రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవాడు. నేను రైలు పెట్టెల జోలికి పోకుండా రేడియో రిపేరు నేర్చుకుని తపన్‌దా అనే బెంగాలీ పెద్దాయన అలారాల దుకాణంలో చేరాను. మొదట్లో మేము తీగలు లాగి అలారాలు బిగించేవాళ్ళం. గోడలు తొలిచి ఇల్లంతా సున్నం చేసేవాళ్ళం. బెంగాల్లో ఎర్రజెండా ప్రభుత్వం చివరి పదేళ్ళలో తీగల్లేని సెన్సర్లు వచ్చాయి. గోడ తొలిచే బాధ తప్పింది, కొత్త బాధలు మొదలయ్యాయి.

వస్తువు చాలా చిన్నది. రెండు ముక్కలు. చిన్న ముక్కలో అయస్కాంతం ఉంటుంది, దాన్ని తలుపుకి అంటిస్తాం. పెద్ద ముక్కలో ఒక స్విచ్చి, బ్యాటరీ, బుల్లి రేడియో ఉంటాయి, దాన్ని చట్రానికి బిగిస్తాం. అయస్కాంతం పక్కనే ఉన్నంతసేపూ స్విచ్చి ఊరుకుంటుంది. తలుపు తెరిస్తే అయస్కాంతం దూరమవుతుంది, స్విచ్చి కదులుతుంది, రేడియో ఆ కబురు గోడమీది పెద్ద పెట్టెకు చేరవేస్తుంది. అయితే ఆ పెద్ద పెట్టెకి ఒక్కో సెన్సర్‌నీ ముందుగా పరిచయం చెయ్యాలి. పరిచయం లేని సెన్సర్ ఎంత మొత్తుకున్నా అది పట్టించుకోదు. ఇంతే విద్య. ఒక పూటలో వచ్చేస్తుంది.

రానిదల్లా ఇల్లు చూడడం. తపన్‌దా ఒక మాట అనేవాడు: "శున్‌బి శబార్, గున్‌బి నిజే." అందరూ చెప్పేదీ విను, లెక్క మాత్రం నువ్వే పెట్టు అని. నేను వందసార్లు విన్నాను, తలూపాను. తలూపడానికి ఖర్చేముంది?

వానాకాలం తలుపు, ఉగాది తలుపు

భవానీపూర్‌లో ఒక పాత ఇల్లు. శ్రావణ మాసంలో వెళ్ళి పన్నెండు సెన్సర్లు బిగించాను. టేకు తలుపులు, టేకు కిటికీలు. వానకి ఉబ్బి చట్రాల్లో బిగుసుకుని ఉన్నాయి. అయస్కాంతానికీ స్విచ్చికీ మధ్య ఎంత సందు ఉండాలో స్కేలు పెట్టి కొలిచి మరీ పెట్టాను. నా పనితనానికి నేనే మురిసిపోయాను. చలికాలం వచ్చేసరికి కర్ర ఎండి కుంచించుకుపోయింది, సందు పెరిగింది. గాలి కాస్త గట్టిగా వీస్తే చాలు, ఇల్లంతా గగ్గోలు. వాళ్ళు వారం ఓపిక పట్టి, సెన్సర్లలో బ్యాటరీలన్నీ ఊడబీకి డబ్బాలో పడేశారు.

తపన్‌దా నన్ను తిట్టలేదు. "వానాకాలంలో వెళ్ళి వానాకాలం తలుపుకి బిగించావు. ఆ ఇంటివాళ్ళు చలికాలంలో ఇల్లు ఖాళీ చేసి పోరు కదా" అన్నాడంతే. తిట్టి ఉంటే బాగుండేది.

ఇంకో తప్పు మనవాళ్ళింట్లోనే చేశాను. దక్షిణ కలకత్తాలో లేక్ వైపు ఒక తెలుగు కుటుంబం. వీధి తలుపు చట్రం పైన, సరిగ్గా మధ్యలో, ముచ్చటగా సెన్సర్ పెట్టి వచ్చాను. ఉగాది నాడు వాళ్ళు మామిడాకుల తోరణం కట్టారు. దేనికి కట్టారనుకున్నారు? నా సెన్సర్‌కే. గుమ్మం మీద మేకులాంటిది కనిపిస్తే మనవాళ్ళు తోరణం కట్టకుండా ఉంటారా? ఆకుల బరువుకి అది ఊడి తోరణంతో పాటు వేలాడింది. బెంగాలీ వాడు చేస్తే తెలియక చేశాడనుకోవచ్చు. మా అమ్మ ఏటేటా తోరణం కట్టడం చూస్తూ పెరిగిన నేను చేశానే! అప్పట్నుంచి తెలుగువాళ్ళింట్లో గుమ్మానికి ముందు రెండు మేకులు కొట్టి, ఆ తరవాతే సెన్సర్ తీసేవాణ్ణి.

ఈ రెండు తప్పులూ చెప్పుకుని నవ్వుకోదగ్గవి. మూడోది అలాంటిది కాదు.

తాళం వద్దన్న ఆవిడ

మధ్య కలకత్తాలో పాతకాలపు నాలుగంతస్తుల భవనం. రెండో అంతస్తులో శారద గారు ఉండేవారు. భర్త బ్యాంకు ఆఫీసరు, విజయవాడ నుంచి బదిలీ మీద వచ్చాడు. వాళ్ళతో పాటు ఆవిడ నాన్నగారు. హైస్కూల్లో భూగోళం చెప్పి రిటైరైన మనిషి. మతిమరుపు జబ్బు వచ్చింది. కూతురి పేరు ఒక్కోసారి మరిచిపోయేవారు గానీ పది గంటలకి బడికి వెళ్ళాలన్నది మాత్రం మరిచేవారు కాదు. చొక్కా వేసుకుని, గొడుగు పట్టుకుని, చడీచప్పుడు లేకుండా తలుపు తీసుకుని వెళ్ళిపోయేవారు. ఒకసారి ట్రామ్ డిపోలో కండక్టరు గుర్తుపట్టి కూర్చోబెట్టాడు. రెండోసారి మధ్యాహ్నమంతా కనిపించలేదు. సాయంత్రం పోలీసులు తీసుకొచ్చారు.

ఆ దెబ్బకి భర్త హడలిపోయాడు. చెడ్డవాడేం కాదు, పాపం, భయం. ఇంకొక్కసారి ఇలా జరిగితే ఊరవతల ఉన్న వృద్ధుల ఆశ్రమంలో చేర్పిస్తానన్నాడు. అక్కడ గేటుకి ఎప్పుడూ తాళమే. ఈలోగా ఇంటికీ తాళం పడింది. రోజూ పదింటికి మాస్టారు లోపల్నుంచి తలుపు బాదేవారు. పిల్లలు వచ్చేసి ఉంటారు, తలుపు తియ్యండి అని బతిమాలేవారు.

శారద గారు ఆయన చెయ్యి పట్టుకుని నాకు చూపించారు. వేళ్ళ కణుపుల దగ్గర చర్మం లేచిపోయి ఉంది.

"సింహాచలం గారూ, దొంగలు వస్తే రానివ్వండి, నాకు భయం లేదు. నాన్న గుమ్మం దాటితే నాకు తెలియాలి. తెలిస్తే నేను ఈ తాళం తీసి పారేస్తాను. తాళం వేసి ఉంచడానికైతే ఆశ్రమం అయినా ఒకటే, ఇల్లయినా ఒకటే కదండీ" అన్నారు.

అప్పటిదాకా నేను బిగించిన ప్రతి సెన్సరూ బయటివాణ్ణి లోపలికి రానివ్వకుండా ఉండడానికే. లోపలి మనిషి బయటికి వెళ్ళగలగడానికి బిగించమని అడిగింది ఆవిడొక్కతే. ఆ మాట తపన్‌దాకి చెబితే ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇంట్లోంచి బయటికి వెళ్ళే తలుపులు ఎన్నండీ?" అని అడిగాను.

"రెండే. వీధి తలుపు, వరండా తలుపు. కిటికీలన్నిటికీ ఊచలున్నాయి" అన్నారు ఆవిడ.

రెండు అని రాసుకున్నాను. రెండు సెన్సర్లు బిగించాను. వీధి తలుపు తెరిచాక ముప్పై సెకన్లు ఆగి మోగేలా కంపెనీవాళ్ళు పెట్టి పంపిస్తారు, ఇంటాయన లోపలికొచ్చి అలారం ఆపుకోవడానికి. అది తీసేశాను. ముప్పై సెకన్లలో మాస్టారు వీధిలో ఉంటారు. చెవులు చిల్లులుపడే సైరన్ కూడా తీసేసి, మెత్తగా గంటలా మోగేది పెట్టాను. ఇవన్నీ బాగానే ఆలోచించాను. బుర్ర లేనివాణ్ణేం కాదు.

మూడు వారాలు ఆ ఇంట్లో పండగే. పదింటికి మాస్టారు తలుపు తీసేవారు, గంట మోగేది, శారద గారు చెప్పులేసుకుని "నేనూ వస్తాను నాన్నా" అంటూ వెంట వెళ్ళేవారు. సందు చివరిదాకా నడిచి, ఇవాళ సెలవట అనుకుని తిరిగొచ్చేవారు. ఆయన వేళ్ళు మానాయి. ఆవిడ ఆ సంగతి చెప్పడానికే దుకాణానికి ఫోన్ చేశారు.

మోగని రోజు

నాలుగో వారం శుక్రవారం. పొద్దున్నుంచి వాన. శారద గారు వంటింట్లో ఉన్నారు. గంట మోగలేదు కాబట్టి నాన్న గదిలోనే ఉన్నారనుకున్నారు. కాసేపటికి వీధి తలుపు ఎవరో కొట్టారు. వెళ్ళి తీశారు. అప్పుడు మోగింది గంట. గుమ్మంలో మాస్టారు, నిలువునా తడిసి, ఒక కాలికే చెప్పుతో ఉన్నారు. ఆయన చెయ్యి పట్టుకుని పోలమ్మ నిలబడి ఉంది. పోలమ్మ రోజూ వచ్చి స్నానాలగది, పాయిఖానా కడిగి వెళ్ళే మనిషి. ఏళ్ళ తరబడి ఆ ఇంటికి వస్తున్నా వీధి తలుపు కొట్టడం అదే మొదటిసారి.

నాకు ఫోన్ వచ్చింది. కొత్త బ్యాటరీలు పట్టుకుని పరిగెత్తాను. వీధి తలుపు తెరిస్తే మోగింది. వరండా తలుపు తెరిస్తే మోగింది. నా పనిలో తప్పు లేదని తేలిపోయింది. అప్పుడొక మాటన్నాను, ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

"నీళ్ళ పంపు చప్పుడులో మీకు వినపడి ఉండదండీ."

శారద గారు నా చేతిలో బ్యాటరీల వైపు చూశారు. "మీ పెట్టె ఉందనే కదండీ చూడడం మానేశాను. ఇదివరకు ప్రతి ఐదు నిమిషాలకీ వెళ్ళి చూసుకునేదాన్ని. మా ఆయన సోమవారం వెళ్ళి ఆశ్రమం వాళ్ళతో మాట్లాడి వస్తానన్నారు. నేనేం చెప్పను?" అన్నారు.

ఈ మాట మా మేనకోడలు రెండుసార్లు చదవాలి. సగం బిగించిన అలారం కంటే అసలు లేకపోవడమే మేలు. లేనప్పుడు మనుషులు ఒకరినొకరు కనిపెట్టుకుని ఉంటారు.

స్నానాలగది గుమ్మం దగ్గర గొంతుక్కూర్చున్న పోలమ్మ అప్పుడు నోరు విప్పింది.

"అమ్మకి ఇనపడకపోడం కాదు బావూ. తలుపులెన్నని అడిగినావు నువ్వు?"

"రెండు."

"మరి నానొచ్చే తలుపు తలుపు కాదేటి?"

లేచి స్నానాలగదిలోకి నడిచింది. వెనక గోడకి రేకు కొట్టిన చిన్న తలుపు. తోస్తే తెరుచుకుంది. బయట ఇనప మెట్లు, మెలికలు తిరుగుతూ కిందికి దిగుతున్నాయి. వాన పడుతోంది.

"అల్లదిగో, ఆ మూడో మెలిక కాడ నిలబడిపోనారు మేస్టారు. కిందకి దిగలేక, పైకి ఎక్కలేక, కమ్మీ పట్టుకుని ఒణికిపోతన్నారు. నాను ముట్టుకోవచ్చో లేదో అనీసి ఓ పాలి ఆగినాను. పడిపోతే ఏటవుతాది? సెయ్యి పట్టీసుకుని కిందకి దింపి, ఈది వేపు తిప్పి తెచ్చినాను."

ఆ మెట్లు

కలకత్తా పాత భవనాల్లో ఇవి మామూలే. పాయిఖానా ఎత్తేవాళ్ళు ఇంట్లోంచి నడవకూడదని వెనకనుంచి వేరే మెట్లు కట్టారు. పాయిఖానాలు మారాయి, మెట్లు మారలేదు. ఇంటివాళ్ళు ఆ తలుపు ముట్టుకోరు. పోలమ్మ వెళ్ళిపోయాక లోపల్నుంచి గడియ వెయ్యడానికి కూడా ఎవరూ ఆ మూలకి పోరు. ఆ రోజు స్నానాలగదికి వెళ్ళిన మాస్టారికి అది ఓరగా తెరిచి కనిపించి ఉంటుంది. ఎన్ని తలుపులంటే రెండు అని శారద గారు అబద్ధం చెప్పలేదు. ఆవిడ లెక్కలో అది తలుపు కాదు.

మరి నా లెక్కలో? స్నానాలగదిని గుమ్మంలోంచి చూసి వచ్చేశాను. లోపలికి అడుగు పెట్టలేదు.

"మీదే ఊరు బావూ? మాట మన వేపు మాటలాగుంది" అంది పోలమ్మ.

మాది ఇచ్ఛాపురం వైపు అని చెప్పాను. తరవాత, ఎందుకో ఆగలేక, ఇంకో మాట కూడా చెప్పాను. "మా మేనత్త టికియాపారా బస్తీలో ఉండేది. ఇరవై ఏళ్ళు ఇలాంటి మెట్లే ఎక్కింది."

పనికి వెళ్ళిన ఇళ్ళలో ఆ సంగతి నేనెప్పుడూ బయటపెట్టలేదు. శారద గారు పక్కనే నిలబడి విన్నారు.

పోలమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "అయితే నీకు తెలకపోడవేటి?"

తెలియక కాదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, వీధి తలుపు కొట్టి, కుర్చీలో కూర్చుని టీ తాగే ఉద్యోగం సంపాదించుకున్నాను. వెనక మెట్లవైపు చూడడం మానేశాను. తపన్‌దా లెక్క నువ్వే పెట్టు అన్నాడు, నేను ఇంటివాళ్ళ లెక్కనే నా లెక్క చేసుకున్నాను. మా అత్త బతికుంటే నా చెవి మెలేసి ఉండేది.

శనివారం మళ్ళీ వెళ్ళాను. ఈసారి అడగాల్సిన మనిషిని అడిగాను.

"వానల్లో ఈ తలుపు ఇంతకన్నా మూసుకోదు బావూ" అని పోలమ్మ రెండు వేళ్ళు పెట్టి చూపించింది. "నాను తాడేసి లాగుతాను. ఎండాకాలం అయితే దానంతటదే మూసుకుపోతాది. కింద పెట్టకు నీ డబ్బా. నీళ్ళు కొట్టీసినప్పుడు తడిసిపోద్ది."

ఆ తలుపు సంగతి ఆ ఇంట్లో అందరికంటే ఆవిడకే తెలుసు. ఆవిడ చెప్పినట్టే అంచు చిత్రిక పట్టాను. రేకు దగ్గర అయస్కాంతం సరిగా పనిచెయ్యదు కాబట్టి మధ్యలో కర్రముక్క వేసి, నీళ్ళు తగలనంత ఎత్తులో బిగించాను. రెండు లావుపాటి గోడలూ ఒక ఇనప బీరువా దాటి కబురు హాల్లోకి చేరడం లేదు. అందుకని పెద్ద పెట్టెని హాల్లోంచి నడవలోకి మార్చాను. గంట ఒక్కదాన్నే నమ్ముకుని ఆ మెట్లమీదికి ఆయన్ని వదిలెయ్యడం కూడా తప్పే అనిపించి, మాస్టారి చెయ్యి అందనంత ఎత్తులో గడియ పెట్టించాను. పోలమ్మ వెళ్ళేటప్పుడు తలుపు తీస్తే గంట మోగుతుంది, శారద గారు వెళ్ళి గడియ వేస్తారు. వచ్చేటప్పుడు రేకు మీద తడితే ఆవిడే వచ్చి తీస్తారు. పోలమ్మ పదిసార్లు తలుపు తీసి మూసింది. పదిసార్లూ మోగింది.

"నానొచ్చినా మోగతాదా ఇది?" అని అడిగింది.

"నువ్వొచ్చినా, నువ్వెళ్ళినా మోగుతుంది."

"బాగుంది సోద్యం" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆదివారం భర్త స్వయంగా పరీక్ష పెట్టాడట. మూడు తలుపులూ ఒకదాని తరవాత ఒకటి తెరిచి చూశాడు. శారద గారు స్నానాలగదిలో ఉంటే ఒకసారి, నిద్రపోతుంటే ఒకసారి చప్పుడు కాకుండా వీధి తలుపు తీశాడు. రెండుసార్లూ ఆవిడ వచ్చి నిలబడ్డారు. సోమవారం అతను ఆశ్రమానికి వెళ్ళలేదు, బ్యాంకుకి వెళ్ళాడు.

నెల తరవాత

బిగించిన నెలకి ఒకసారి వెళ్ళి చూసి రావడం ఆ రోజునుంచి అలవాటు చేసుకున్నాను. అమ్మాయీ, నువ్వూ చేసుకో. కంపెనీ పంపకపోయినా వెళ్ళు. పెట్టె ఎలా ఉందో చూడడానికి కాదు, దానితో మనుషులు ఎలా బతుకుతున్నారో చూడడానికి.

నేను వెళ్ళేసరికి పొద్దున్న పది దాటింది. మాస్టారు నడవలో కుర్చీలో చొక్కా, గొడుగుతో సహా కూర్చుని ఉన్నారు. బయటికి బయల్దేరలేదేమని అడిగాను. ఈ మధ్య వెళ్ళడం తగ్గిందని, గంట ఇంట్లోనే మోగుతోంది కాబట్టి బడి ఇక్కడే అనుకుంటున్నారని శారద గారు చెప్పారు.

ఇంతలో వెనకవైపు రేకు మీద చప్పుడైంది. శారద గారు వెళ్ళి గడియ తీశారు. గంట మోగింది. మాస్టారు గబగబా లేచి స్నానాలగది గుమ్మం దాకా వెళ్ళారు. పోలమ్మ బకెట్టు, చీపురు పట్టుకుని లోపలికి వస్తోంది.

"రండమ్మా, రండి. ఆలస్యమైనా ఫర్వాలేదు. వచ్చి కూర్చోండి" అన్నారు మాస్టారు.

పోలమ్మ శారద గారి వైపు చూసింది. ఆవిడ నావైపు చూశారు. నేను ఎటు చూడాలో తెలియక సెన్సర్ వైపు చూశాను. శారద గారు వెళ్ళి వంటింట్లోంచి ముక్కాలి పీట తెచ్చి నడవలో, మాస్టారి కుర్చీకి ఎదురుగా వేశారు.

"కూర్చో పోలమ్మా. నువ్వు కూర్చునేదాకా ఆయన పాఠం మొదలుపెట్టరు."

పోలమ్మ బకెట్టు కింద పెట్టింది. చేతులు కొంగుకి తుడుచుకుంది. పీట అంచున కూర్చుంది.

"పోయిన క్లాసులో ఎంతవరకు చెప్పుకున్నాం?" అని అడిగారు మాస్టారు.

"నాకు గురుతు లేదు బాబూ. మల్లీ మొదట్నించి సెప్పండి."

మాస్టారు గొడుగు పక్కన పెట్టి, గొంతు సవరించుకుని, సూర్యుడి దగ్గర్నుంచి మొదలుపెట్టారు.